బ్లోయర్ కారు నడిపిందెవరు

మిల్లు షావుకారు గారి మనవడు మా ఇంటికి వచ్చిన రోజు నేను డాబా మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. కింద కారు ఆగిన చప్పుడైంది. మండుతున్న చేతులతోనే దిగి వెళ్ళాను. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో స్వీట్ల పెట్టె, చెప్పులు గుమ్మం బయట విప్పి నిలబడి ఉన్నాడు. ఆ ఇంటి మనిషి మా ఇంటికి రావడం, అదీ చెప్పులు విప్పి రావడం, నా డెబ్బై ఏళ్ళ బతుకులో అదే మొదటిసారి.

"ఆంటీ, మీ నాన్నగారి దగ్గర కారు పుస్తకం ఒకటి ఉండేదంట కదా. రిపేర్లవీ రాసుకునేవారంట," అన్నాడు.

కూర్చోమన్నాను. నా పిల్లలకంటే చిన్నవాడు. అయినా "మీరు" అనే అన్నాను. ముప్పై ఐదేళ్ళు గుంటూరు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, కలెక్టరైన శిష్యుణ్ణి కూడా "ఏరా" అనగలను. ఆ ఇంటివాళ్ళ దగ్గర మాత్రం నోరు దానంతటదే "మీరు" అంటుంది.

సంగతి ఇది. వాళ్ళ తాతగారి పాత రేసు కారును మిల్లు షెడ్డులోంచి బయటికి తీసి మళ్ళీ నడిచేలా చేయించాడు. దాన్ని పెద్ద పెద్ద ప్రదర్శనల్లో పెట్టాలని, దాని చరిత్ర అంతా ఒక పుస్తకంగా వేయించాలని అతని కోరిక. చెన్నైలో పాత కార్ల చరిత్ర రాసే పెద్దాయన ఒకరున్నారు. ఆ పని ఆయనకు అప్పజెప్పారు. కానీ ఆయన రెండు చోట్ల అడ్డం తిరిగారు. అప్పట్లో మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే మీద జరిగిన రేసులో గెలిచింది ఈ కారేనని రుజువు కావాలన్నారు. రెండోది, ఆ ఫలితం పక్కన రికార్డుల్లో "అభ్యంతరం ఉంది" అని రాసి ఉందట. అదేమిటో తేల్చాలన్నారు.

"బ్లోయర్ మీదున్న నంబరు మీ నాన్నగారి పుస్తకంలో దొరికితే మొదటి గొడవ తీరిపోద్ది ఆంటీ," అన్నాడు మనవడు.

బ్లోయర్ అన్న మాట ఎన్నేళ్ళకు విన్నానో! ఆ మాట వినగానే నాన్న ఒంటి మీది ఆయిల్ వాసన వచ్చినట్టయింది.

నాన్న పెదకాకాని అవతల మా పల్లెలో పుట్టాడు. తాత పాలేరు. మిషన్ బళ్ళో మూడో తరగతి దాకా చదివిన నాన్న, పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో పనికి చేరాడు. చేరిన రెండో ఏడే ఎడమచేతి ఉంగరం వేలు సగం మరలో పోయింది. ఆ వేలితోపాటు భయం కూడా పోయిందని అమ్మ అనేది. మిల్లు ఆయిల్ ఇంజన్‌కి ఏ జబ్బు చేసినా పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, విని చెప్పేవాడు. అలా మెకానిక్ అయ్యాడు. షావుకారు గారి కార్లన్నీ నాన్న చేతికే వచ్చాయి.

రేసు కారును షావుకారు గారు మద్రాసులో, సీమకు వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర కొన్నారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు పొడుగ్గా, ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచి ఉండేది. ముందు భాగాన గుమ్మడికాయంత ఇనప పెట్టె ఒకటి ఉండేది. అదే బ్లోయర్.

"మామూలు ఇంజన్ గాలి తనంతట తాను పీల్చుకుంటదమ్మా. దీనికి ఇది గాలి కుక్కుతది. బోరెం గోతాంలోకి దిగి కాళ్ళతో పత్తి తొక్కరూ, అట్టా," అని నాన్న నాకు చెప్పాడు. ఎనిమిదేళ్ళ పిల్లకు సూపర్‌చార్జర్ గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. తర్వాత బళ్ళో గాలి ఒత్తిడి పాఠం వచ్చినప్పుడల్లా నేనూ అదే మాట చెప్పాను.

తెల్లవారుజామున, బళ్ళు రోడ్డెక్కకముందే, నాన్న దాన్ని బయటికి తీసేవాడు. వేగం పెరిగేకొద్దీ బ్లోయర్ సన్నగా, ఊళ వేసినట్టు కూసేది. చేలల్లో పత్తి తీసేవాళ్ళు నడుములెత్తి చూసేవారు. "అదిగో, అయ్యగారి కారు ఏడుస్తంది" అనేవారు. ఒకే ఒక్కసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకు గుర్తున్నది రోడ్డు కాదు, నాన్న మొహం. ఇంట్లోగానీ, చర్చిలోగానీ, మిల్లులోగానీ నాన్న అలా కనిపించలేదు. ఎవరికీ చెప్పుకోనక్కర్లేని మనిషిలా ఉన్నాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా మద్రాసు రేసు జరిగింది. కారును లారీ మీద ఎక్కించుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కారుకి పూలదండ, ముందు బ్యాండు మేళం. షావుకారు గారు జీపులో నిలబడి, కప్పు రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపిస్తున్నారు. నాన్న లారీ వెనక కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. ఇంటికి రాగానే నేను ఎగిరి గంతేసి, "నాన్నా, మనం గెలిచామా?" అన్నాను.

"అయ్యగారు గెలిచారు," అన్నాడు. అని అమ్మను అన్నం పెట్టమన్నాడు.

కొద్ది నెలలకే ఆ కారును షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశారు. నాన్న మళ్ళీ దాని గురించి మాట్లాడలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఆ ఏడే నాకు గుంటూరు బోర్డింగ్ బళ్ళో సీటొచ్చింది. కొత్త ట్రంకు పెట్టె, రెండు జతల గౌన్లు, ఇంగ్లీషు మాట్లాడే సిస్టర్లు. నా లోకం మారిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాన్న పోయాడు.

పుస్తకం ఆ ట్రంకు పెట్టెలోనే ఉంది. రేక్సిన్ అట్ట, లోపల పెన్సిల్ రాత. ఇన్నేళ్ళలో నేను దాన్ని తెరిచి చూసిందే లేదు. ప్లగ్గులు, బెల్టులు, ఆయిలు తప్ప అందులో ఏముంటుందిలే అనుకున్నాను. నాన్న రాసిన ఒకే ఒక్క పుస్తకాన్ని, చదువుకున్న కూతురు చదవలేదు.

బ్లోయర్ నంబరు మూడో పేజీలోనే దొరికింది. మనవడి మొహం వెలిగిపోయింది. సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నాడు. నేను పేజీలు తిప్పుతూ పోతుంటే ఒకచోట పైన "మద్రాసు" అని కనిపించింది. పైకే చదివాను.

"నాలుగో రౌండులో బ్లోయర్ వేడెక్కింది. కాలు తీశాను. ఇద్దరు ముందుకు పోయారు. ఏడో రౌండు నుంచి మళ్ళీ తొక్కాను. చివర మలుపులో ఎర్ర కారుని దాటాను. బ్రేకు ఎడమ పక్కకి లాగుతోంది, చూడాలి."

తీశాను. తొక్కాను. దాటాను. "నేను" అన్న మాట ఎక్కడా లేదు. అక్కర్లేదు కూడా. తెలుగు చదవడం వచ్చిన ఎవరికైనా అక్కడ ఎవరున్నారో తెలిసిపోతుంది.

మనవడు ఫోను దించాడు. తర్వాత, "టెస్టింగ్‌లో రాసుకున్నదై ఉంటది ఆంటీ. రేసుకు ముందు ట్రయల్ వేస్తారుగా," అన్నాడు.

"ట్రయల్‌లో ఎర్ర కారుని దాటడమేంటండీ?" అన్నాను.

నవ్వాడు. ఆ పేజీని ఫొటో తీసుకోలేదు. స్వీట్ల పెట్టె బల్ల మీద పెట్టి, "మీరు చాలా హెల్ప్ చేశారాంటీ," అని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే నేను చెన్నై రైలెక్కాను. చరిత్ర రాసే పెద్దాయన ఫోనులో రమ్మన్నారు. ఆయనది నెల్లూరు వైపు. రిటైరైన ఇంజనీరు. ఎనభై దాటినా మనిషి చురుగ్గా ఉన్నారు. ఇల్లంతా ఫైళ్ళే. నాన్న పుస్తకం చేతికిస్తే ముందు చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు తెరిచారు. మద్రాసు పేజీని మూడుసార్లు చదివారు. లేచి ఒక ఫైలు తీసుకొచ్చారు. ఆ రేసు జరిపిన క్లబ్బు మూతపడ్డాక దాని కాగితాలన్నీ ఆయన దగ్గరికి చేరాయట.

"రెండో స్థానంలో వచ్చినాయన ఫిర్యాదు చేశాడమ్మా. పేరిచ్చిన మనిషి కాకుండా ఇంకెవరో నడిపారని. అది రుజువైతే గెలుపు రద్దవుతుంది. విచారణ జరిగింది," అన్నారు.

ముందు ఒక ఫొటో చూపించారు. కారు మలుపు తిరుగుతోంది. నడిపే మనిషికి హెల్మెట్, మొహం నిండా కళ్ళద్దాలు, మూతికి గుడ్డ. ఎవరైనా కావచ్చు. భూతద్దం నా చేతికిచ్చి స్టీరింగ్ చూడమన్నారు. ఎడమ చెయ్యి. చేతికి తొడుగు లేదు. ఉంగరం వేలు సగమే ఉంది.

ఆ చెయ్యి నాకు తెలుసు. దాన్ని పట్టుకునే బడికి వెళ్ళాను.

"చూశారుగా అండీ! ఇంకేం కావాలి?" అన్నాను.

ఆయన ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి నా ముందుకు జరిపారు. "ఇది చూపించకుండా మిమ్మల్ని పంపించడం న్యాయం కాదు," అన్నారు.

నాన్న రాత. పెన్సిల్ కాదు, సిరా. పుస్తకంలోలాగా పరుగెత్తే రాత కాదు, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది. "కారు నడిపింది మా అయ్యగారే. నేను ప్లగ్గులు మార్చడం, నీళ్ళు పోయడం మాత్రం చేశాను. ఇది దేవుని ఎదుట నిజం." కింద సంతకం.

దేవుని ఎదుట నిజం. ప్రార్థన చేయకుండా మంచినీళ్ళు కూడా తాగని మనిషి రాసిన మాట అది. ఆ మాట ఎవరో చెబితే రాశాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి ఆయనదే.

"ఈ కాగితంతో ఫిర్యాదు కొట్టేశారు. ఆ వేలు ఎవరిదో నాకు ఇవాళ తెలిసింది. కానీ చూడండమ్మా, ఫొటో మసగ్గా ఉంది. పుస్తకమేమో సొంతానికి రాసుకున్నది. ఈ కాగితం విచారణలో ఇచ్చింది. ఎవరైనా బతికున్నవాళ్ళు, కళ్ళతో చూసినవాళ్ళు, సంతకం పెట్టి ఇస్తే నేను తప్పకుండా రాస్తాను," అన్నారు పెద్దాయన.

కళ్ళతో చూసినవాళ్ళలో మిగిలింది ఒక్కడే. కారును మద్రాసు తీసుకెళ్ళిన లారీ డ్రైవరు. నాన్నకంటే చిన్నవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. దాచేపల్లిలో ఉంటాడని తెలుసు. బస్సు దిగేసరికి సిమెంటు దుమ్ము చెట్ల ఆకుల మీద కూడా తెల్లగా పేరుకుని ఉంది. బాబాయ్ వరండాలో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. చూపు మందగించింది కానీ గొంతు అలాగే ఉంది.

"ఎవురూ? మెకానిక్ అన్న కూతురా? ఒసే, ఇటు కూకో!" అని అరిచాడు.

నేను కాగితం సంగతి చెప్పాను. చాలాసేపు విన్నాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

"ముందురోజు ట్రయల్‌లో అయ్యగారు కారుని గడ్డిమోపుల్లోకి పోనిచ్చారమ్మాయ్. దెబ్బేం తగల్లా. కానీ మనిషి బెదిరిపోయాడు. పొద్దున్నే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చుట్టాలంతా వచ్చి కూచున్నారు, ఎనక్కి తగ్గితే పరువు పోద్ది. టెంటులోకి మీ నాన్నని పిలిచాడు. తన తెల్ల సూటు, రేసు టోపీ, కళ్ళద్దాలు అన్నీ ఇప్పి ఇచ్చాడు. చేతి తొడుగులు మీ నాన్నకి పట్టలా, పక్కన పడేశాడు."

"నాన్న ఏమన్నాడు బాబాయ్?"

"ఏమంటాడు? ఎప్పుడెప్పుడా అని ఉన్నాడు. ఆ కూతేంది, ఆ పోవడమేంది! నేను లారీ టాపు మీద నిలబడి చూశా. గెలిచాక కారు సరాసరి టెంటులోకి తోలాడు. అక్కడ మళ్ళీ బట్టలు మార్చుకున్నారు. ఆ సూటు మీ నాన్న చెమటతో ముద్దముద్దగా ఉంది. అయ్యగారు అది తొడుక్కోడానికి మొగం ఎట్టా పెట్టాడో నేను చూశా. తొడుక్కున్నాడనుకో, కప్పు తీసుకోవాలిగా. మద్రాసు దాటినాక లారీ ఆపించి, ఆ సూటు రోడ్డు పక్కన పారేయించాడు. కొత్త సూటు. నేనే పారేశా."

"నాన్న చూశాడా?"

"ఎనకాల కూచుని ఉన్నాడుగా. చూడకేం."

చివరికి నేను అడగాలని వచ్చినదే అడిగాను. నాన్న ఎందుకు సంతకం పెట్టాడని.

"పెట్టకపోతే పని పోయేది. అదొకటి. ఇంకోటి..." అని ఆగాడు. "నీకు తెలవదా? మీ నాన్నే అడిగాడమ్మాయ్. సంతకం పెడతా గానీ నా బిడ్డకి గుంటూరు బోర్డింగులో సీటు ఇప్పించండి అని. అయ్యగారు ఆళ్ళకి ఉత్తరం రాశాడు. సంతకం పెట్టిన వారానికే మీ నాన్న నిన్ను తీసకపోయి దించాడు."

నేను క్లాసులో ఫస్టు వచ్చాను కాబట్టి సీటొచ్చిందనుకున్నాను. అరవై ఏళ్ళుగా అలాగే అనుకుంటున్నాను. పిల్లలకు, మనవలకు, రిటైర్మెంట్ సభలో అందరికీ అదే చెప్పాను. బోర్డింగు గేటు దగ్గర నాన్న ఏడ్చాడు. నన్ను విడిచి ఉండలేక అనుకున్నాను.

"ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇస్తావా బాబాయ్? నేను రాస్తాను, నువ్వు వేలిముద్ర వేస్తే చాలు," అన్నాను.

బాబాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. లోపల కోడలు గిన్నెలు కడుగుతోంది. గొంతు తగ్గించి, "మా మనవడు అయ్యగారోళ్ళ కోల్డ్ స్టోరేజీలోనే చేస్తన్నాడమ్మాయ్. మిరపకాయల టిక్కీ బస్తాలన్నిటికీ వాడే సూపర్‌వైజరు. ఈ ఇల్లు వాడి మీదే నడుస్తంది," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని పట్టుకుని ఏదైనా అందామని చూశాను. కానీ ఏమనాలి? మనవడి కోసం నోరు మూసుకుంటున్న ముసలాయన్ని, నా కోసం అబద్ధానికి సంతకం పెట్టిన మనిషి కూతురు ఏమని తిట్టాలి? ఆయన పాదాల దగ్గర పండ్లు పెట్టి వచ్చేశాను.

చివరికి రేసులో కారు నడిపింది నాన్నేనని నేనే ఒక ఉత్తరం రాసి చెన్నై పంపించాను. షావుకారు గారి మనవడికీ ఒక కాపీ పంపాను. రెండు రోజులకు అతను ఫోన్ చేశాడు. గొంతులో విసుగు లేదు, చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"ఆంటీ, మేమేం అన్లేదు కదా. మీ నాన్నగారే సొంత చేత్తో రాసిచ్చారు. ఇప్పుడు మీరు కాదంటే, ఆయన అబద్ధమాడారని మీరే అన్నట్టు అవుతుంది. ఆలోచించండి."

ఆలోచించాను. అతను చెప్పింది నిజమే. నాన్న నిజం గెలవాలంటే ముందు నాన్నను అబద్ధాలకోరుని చేయాలి.

కారు చరిత్ర పుస్తకం అచ్చయింది. దళసరి కాగితం, రంగుల బొమ్మలు. పెద్దాయన మాట తప్పలేదు, ఒక వాక్యం రాశారు. "కారును మెకానిక్ నడిపాడని ఒక వాదన ఉంది, అయితే ఆయన స్వయంగా ఇచ్చిన లిఖిత వాంగ్మూలం దానికి విరుద్ధంగా ఉంది." అంతే. దాని కిందనే నాన్న రాసిన కాగితం ఫొటో వేశారు. నాన్న చేతిరాత అచ్చులో రావడం అదే మొదలు, అదే ఆఖరు.

మిల్లు ఆవరణలో పుస్తకం ఆవిష్కరణ సభ పెట్టారు. నన్నూ పిలిచారు. వెళ్ళకూడదనుకుని, మళ్ళీ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. ఆ కారు దగ్గర ఒక్క నిజం చెప్పి రావాలనుకున్నాను. షామియానా కింద ఆకుపచ్చగా మెరుస్తోంది. దాని ముందు నిలబడి అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాన్న గీతలు, మరకలు ఒక్కటీ మిగల్లేదు. కుర్చీలు సర్దుతున్న వాళ్ళలో బాబాయ్ మనవడు కూడా ఉన్నాడు. నాకు మంచినీళ్ళ బాటిలు తెచ్చి ఇచ్చి, "బాగున్నారా మేడమ్?" అన్నాడు.

షావుకారు గారి మనవడు మైకులో తాతగారి ధైర్యసాహసాల గురించి చెప్పాడు. తర్వాత "ఈ కారుకి ప్రాణం పోసిన నమ్మకమైన మెకానిక్ గారి అమ్మాయి, రిటైర్డ్ టీచర్" అని నన్ను స్టేజీ మీదికి పిలిచాడు. శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమని యాంకరమ్మాయి మైకు ఇచ్చింది.

బళ్ళో వేలమంది పిల్లల ముందు మాట్లాడిన గొంతు నాది. "ఈ కారు నడిపింది మా నాన్న," అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు. షావుకారు గారి దగ్గర పనిచేసిన మెకానిక్ కారు నడపడంలో ఆశ్చర్యమేముంది వాళ్ళకి? అందరి డ్రైవర్లూ నడుపుతారు. అసలు మాట ఇంకా చెప్పలేదని, రేసులో, మద్రాసులో, ఆ కప్పు గెలిచింది నాన్నేనని చెప్పాలని నోరు తెరిచాను. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు నన్ను చూసి ప్రేమగా నవ్వుతున్నారు. మనవడు చేతులు జోడించి నా పక్కన నిలబడ్డాడు. కుర్చీల పక్కన బాబాయ్ మనవడు కూడా చప్పట్లు కొడుతున్నాడు. యాంకరమ్మాయి "థ్యాంక్యూ సో మచ్ మేడమ్" అని మైకు కోసం చెయ్యి చాచింది.

ఇచ్చేశాను. లాక్కోలేదు ఎవరూ. నేనే ఇచ్చాను.

కారు స్టార్ట్ చేసినప్పుడు నేను గేటు దాటి రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉన్నాను. బ్లోయర్ కూత లోపల్నుంచి వినిపించింది. జనం ఈలలు వేశారు.

మర్నాడు పొద్దున్నే దాచేపల్లి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు.

"నిన్న స్టేజీ మీద మాట్లాడావంట గదా అమ్మాయ్. మావాడు చెప్పాడు."

"ఏం చెప్పాడు బాబాయ్?"

"చాలా బాగా మాట్లాడావంట. అయ్యగారి కుటుంబాన్ని మంచిగా తలుచుకున్నావంట. వాళ్ళు కూడా సంతోషపడ్డారంట."

అటు వైపు బాబాయ్ దగ్గుతూ నా జవాబు కోసం చూస్తున్నాడు.

"అవును బాబాయ్," అన్నాను.